ప్రిన్స్ ఖజానాలోని పాటలు ఎందుకు ఆగిపోయాయి? అవన్నీ ఎప్పటికైనా వినగలమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: అమెరికన్ సంగీతకారుడు ప్రిన్స్ 2016లో చనిపోయినప్పుడు ఆయన స్టూడియో నేలమాళిగలోని టేపుల గదిలో, అంటే ఖజానాలో, వేల పాటలు మిగిలిపోయాయని చదివారు. పూర్తయిన ఆల్బమ్‌లను కూడా ఆయన ఎందుకు పక్కన పెట్టారు, పాటలు బాగాలేవా, కంపెనీ అడ్డుపడిందా, అవన్నీ ఎప్పటికైనా మన చెవిన పడతాయా అని అడుగుతున్నారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. ఆ ఆల్బమ్‌లలో చాలావాటిని ఆయన పారేయలేదు, విప్పి వాడుకున్నారు. పాత ఇల్లు విప్పినప్పుడు దూలాలూ ద్వారబంధాలూ కొత్త ఇంటికి పనికొచ్చినట్టు, ఒక ఆల్బమ్‌లోని పాటలు తర్వాతి ఆల్బమ్‌లోకో, సింగిల్ రికార్డు వెనక వైపుకో, సినిమాలోకో, మరొకరి గొంతులోకో చేరిపోయాయి. పాటల నాణ్యత అసలు కారణం కాదు. కంపెనీ కొన్నిసార్లు అడ్డుపడింది, కానీ అన్నిసార్లూ కాదు. ఆల్బమ్ తయారై, ముద్రణకు వెళ్ళి, దుకాణానికి చేరడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో ఆయన మనసు మరో రెండు ఆల్బమ్‌ల దూరం వెళ్ళిపోయేది. ఇక అన్నీ వినగలమా అంటే, వినలేం. ఎందుకో చివర చెబుతాను.

నేను ఇరవై రెండేళ్ళుగా పాత టేపులను శుభ్రం చేసి డిజిటల్‌లోకి మార్చే పని చేస్తున్నాను. ప్రిన్స్ టేపులేవీ నా చేతికి రాలేదు. అయితే ఆయన వాడిన రకం రెండంగుళాల రీళ్ళు కొన్ని వందలు నా యంత్రం మీద తిరిగాయి, ఆయన సంగీతం అంతకంటే ఎక్కువ కాలంగా నాతో ఉంది. ఈ రెండూ కలిపి చెబుతున్నాను.

మొదట ఒక్క ఆల్బమ్ కథ చూద్దాం, విషయం దానితోనే తేటపడుతుంది. 1986 శరదృతువులో ప్రిన్స్ "కమీల్" అనే పేరుతో ఎనిమిది పాటల ఆల్బమ్ సిద్ధం చేశారు. కవరు మీద తన పేరు లేకుండా, కమీల్ అనే ఊహాపాత్ర పాడినట్టు విడుదల చేయాలన్నది ఆలోచన. పాడేటప్పుడు టేపును నెమ్మదిగా నడిపించి, వినేటప్పుడు మామూలు వేగానికి తెచ్చేవారు. గొంతు పల్చబడి, ఆడా మగా తెలియని ఒక కొత్త మనిషి గొంతుగా మారేది. 1987 జనవరిలో రావలసిన ఆ ఆల్బమ్ రాలేదు. కానీ ఎనిమిది పాటలకూ ఏమైందో చూడండి. "హౌస్‌క్వేక్", "స్ట్రేంజ్ రిలేషన్‌షిప్", "ఇఫ్ ఐ వజ్ యువర్ గర్ల్‌ఫ్రెండ్" మూడూ 1987 మార్చి చివర వచ్చిన "సైన్ ఓ ద టైమ్స్"లోకి వెళ్ళాయి. "షాకడెలికా" అదే ఏడాది ఒక సింగిల్ వెనక వైపున చేరింది. "ఫీల్ యు అప్" 1989 దాకా ఆగి "పార్టీమ్యాన్" సింగిల్ వెనక వచ్చింది. "గుడ్ లవ్" 1988లో ఒక సినిమా పాటల సంకలనంలో వినిపించింది. "రాక్‌హార్డ్ ఇన్ ఎ ఫంకీ ప్లేస్" బ్లాక్ ఆల్బమ్ అనే మరో ఆల్బమ్‌లోకి పోయింది, దాని కథ కింద చెబుతాను. మిగిలింది "రీబర్త్ ఆఫ్ ద ఫ్లెష్" ఒక్కటే. దాని స్టూడియో రికార్డింగ్ అధికారికంగా 2020లో వచ్చింది.

అంటే ఎప్పుడూ విడుదల కాని ఆల్బమ్‌లో నాలుగింట మూడు వంతుల పాటలు మూడేళ్ళలోపే అభిమానుల ఇళ్ళలో మోగుతున్నాయి! అందుకే ఎవరైనా విడుదల కాని ఆల్బమ్ గురించి చెబితే నేను ఆ పేరు పట్టుకుని వెతకను. అందులోని ఒక్కో పాట పేరు రాసుకుని, అది తర్వాత ఎక్కడ తేలిందో చూస్తాను. మీరూ అలాగే మొదలుపెట్టండి.

ఇప్పుడు కమీల్‌కు అటూ ఇటూ ఏముందో చూద్దాం. అంతకు ముందు "డ్రీమ్ ఫ్యాక్టరీ" ఉంది. 1986 వసంతం నుంచి వేసవి దాకా తన బృందం రెవల్యూషన్‌తో చేసిన పని అది. గిటార్ వాయించే వెండీ, కీబోర్డు వాయించే లీసా చేయి అందులో చాలా ఉంది. పాటల వరుస మారుతూ మారుతూ రెండు రికార్డుల ఆల్బమ్ అయింది. ఆ అక్టోబరులో ఆయన బృందాన్నే రద్దు చేశారు. బృందం లేనప్పుడు బృందం ఆల్బమ్ ఎలా వస్తుంది? డ్రీమ్ ఫ్యాక్టరీలోని కొన్ని, కమీల్‌లోని కొన్ని, కొత్తవి మరికొన్ని కలిపి 22 పాటలతో మూడు రికార్డుల "క్రిస్టల్ బాల్" తయారుచేశారు. అంత పెద్ద ఆల్బమ్ అమ్ముడుపోదని ఆయన రికార్డు కంపెనీ వార్నర్ బ్రదర్స్ ఒప్పుకోలేదు. ఏడు పాటలు తీసి, డిసెంబరులో రికార్డు చేసిన "యు గాట్ ద లుక్"ను చేర్చారు. పదహారు పాటల "సైన్ ఓ ద టైమ్స్" అలా పుట్టింది. ఒక్క ఏడాదిలో మూడు ఆల్బమ్‌లు చనిపోతే వాటి ఎముకలతో నాలుగోది లేచి నిలబడింది.

కంపెనీ తప్పు ఎంత? ఇక్కడ నా అభిప్రాయం చాలామంది అభిమానులకు నచ్చదు. క్రిస్టల్ బాల్ విషయంలో కంపెనీ అడ్డుపడిన మాట నిజం, ఆయన దాన్ని మరచిపోనూ లేదు. 1990ల మొదట్లో ఏడాదికి ఎన్ని ఆల్బమ్‌లు విడుదల చేయాలన్న దాని మీదే వాళ్ళతో పెద్ద గొడవ. 1993లో పేరు వదిలేసి ఒక గుర్తును పేరుగా పెట్టుకోవడం, ముఖం మీద "బానిస" అని రాసుకుని కనిపించడం ఆ గొడవలో భాగమే. ఒప్పందం నుంచి బయటపడగానే 1996లో మూడు డిస్కుల "ఎమాన్సిపేషన్" తెచ్చారు. మూడు గంటలు, 36 పాటలు. మూడు రికార్డులు తేవాలన్న పదేళ్ళ నాటి కోరిక అలా తీర్చుకున్నారని నాకు అనిపిస్తుంది. ఇదంతా ఒప్పుకుంటూనే చెబుతున్నాను, పదహారు పాటల "సైన్ ఓ ద టైమ్స్" 22 పాటల వరుస కంటే బిగువుగా ఉంది. ఆ కోత ఆ ఆల్బమ్‌కు మేలే చేసింది.

కంపెనీకి సంబంధమే లేకుండా ఆయనే ఆపేసిన దానికి పెద్ద ఉదాహరణ బ్లాక్ ఆల్బమ్. 1987 డిసెంబరు 8న విడుదల. కవరు మీద పేరు లేదు, బొమ్మ లేదు, అంతా నలుపు. ముద్రణ పూర్తయింది. సరిగ్గా వారం ముందు ఆయనే వద్దన్నారు. సుమారు అయిదు లక్షల కాపీలను నాశనం చేయించారు. కోపంతో, చీకటి మనసుతో చేసిన సంగీతం తన పేరు మీద లోకంలోకి పోకూడదని ఆయనకు అనిపించింది. ఆ స్థానంలో 1988 మేలో "లవ్‌సెక్సీ" వచ్చింది. పాత ఆల్బమ్ నుంచి ఒకే ఒక్క పాట "వెన్ టు ఆర్ ఇన్ లవ్" అందులోకి వచ్చింది. తప్పించుకున్న కొద్ది కాపీల నుంచి దొంగ రికార్డులు ప్రపంచమంతా పాకాయి. చివరికి 1994 నవంబరులో వార్నర్ పరిమిత కాలానికి దాన్ని అధికారికంగా అమ్మింది. ఒక కళాకారుడు అచ్చయిన తన పనిని ఇంత ఖర్చు పెట్టి వెనక్కి తీసుకోవడం మామూలు సంగతి కాదు. ఆగిపోయిన ప్రతి పనికీ కంపెనీనే కారణంగా చూపేవారు ఈ ఒక్క సంఘటన గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఆ వేగం. 1983 నుంచి సుమారు నాలుగేళ్ళు ఆయన ఇంజనీరుగా పనిచేసిన సూసన్ రోజర్స్ తర్వాత చాలా ఇంటర్వ్యూలు ఇచ్చారు. వేర్వేరు స్టూడియోలలో చెల్లాచెదురుగా పడి ఉన్న టేపులన్నిటినీ ఒకచోటికి చేర్చడం మొదలుపెట్టింది ఆమే. 1987లో మినియాపొలిస్ పక్కన చాన్‌హాసెన్‌లో పైస్లీ పార్క్ స్టూడియో తెరిచారు. ఆ టేపులకు నేలమాళిగలో బ్యాంకు తలుపు లాంటి తలుపున్న గది దొరికింది. ఆమె చెప్పిన ఒక సంఘటన నాకు ఆయన పద్ధతినంతా చూపిస్తుంది. 1986 మార్చిలో ఆయన కొత్త ఇంట్లో స్టూడియో బిగిస్తున్నారు. ఆయనకు ఒక పాట తట్టింది, పరికరాల పరీక్షలు పూర్తయ్యేదాకా ఆగలేదు. కూర్చుని "ద బ్యాలడ్ ఆఫ్ డొరొతీ పార్కర్" రికార్డు చేసేశారు. వింటుంటే ధ్వని మందంగా, నీళ్ళలో మునిగినట్టు ఉంది. ధ్వనులను సర్దే బల్ల, అంటే కన్సోల్, విద్యుత్ సరఫరాలో ఒక సగం పనిచేయడం లేదని ఆమెకు తర్వాత తెలిసింది. పై స్థాయి ధ్వనులు ఎగిరిపోయాయి. మరొకరైతే మర్నాడు మళ్ళీ పాడేవారు. ఆయన అలాగే ఉంచారు. ఈ రోజు ఆ పాట వినండి, ఆ మసకే దాని అందం. తట్టిన పాటను ఆ రోజే పట్టుకోవాలి, రేపు మరో పాట వస్తుంది, అదీ ఆయన తీరు.

"వేల పాటలు" అనే లెక్క గురించి కొంచెం జాగ్రత్త. నా పనిలో ప్రతివారం ఎదురయ్యే తికమక ఇది. రెండంగుళాల టేపు రీలు మామూలుగా 2,500 అడుగులు. సెకనుకు 30 అంగుళాల వేగంతో నడిపితే 16 నిమిషాల 40 సెకన్లలో అయిపోతుంది. పది నిమిషాల పాట ఒక్కటి ఎక్కితే ఆ రీలులో రెండో పెద్ద పాటకు చోటుండదు. ఆ పాటకే విడివిడి ట్రాకుల్లో ఎక్కించిన గొంతునూ వాయిద్యాలనూ ఒకటిగా కలిపిన, అంటే మిక్స్ చేసిన, రీలు వేరు, జాగ్రత్త కోసం తీసిన నకలు వేరు, కారులో వినడానికి క్యాసెట్ వేరు, నెల తర్వాత మార్చి చేసిన మిక్స్ వేరు. అలా ఒక్క పాటకు అయిదారు డబ్బాలు అవుతాయి. డబ్బాలను లెక్కపెట్టి పాటలు అనుకుంటే సంఖ్య కొండంత అవుతుంది. పైగా డబ్బా మీద రాసిన దాన్ని నమ్మలేం. ఒకసారి మూడు పాటల పేర్లు రాసిన రీలును ఎక్కిస్తే అందులో ఒకే పాట అయిదుసార్లు ఉంది. ప్రతిసారీ తాళం కొంచెం వేరు, చివరిసారి మాత్రమే రెండో చరణం కుదిరింది. దాన్ని ఒక పాట అనాలా, అయిదా? ప్రిన్స్ విషయంలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆయన ఒకే పాటకు ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ చేయి పెట్టేవారు.

ఇతరుల కోసం రాసిన పాటల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఒక బృందానికి పాట ఇచ్చేటప్పుడు ఆయనే అన్ని వాయిద్యాలూ వాయించి, తన గొంతుతో పూర్తిగా పాడి ఇచ్చేవారు. "మానిక్ మండే" 1984లో మొదట వేరే బృందం కోసం చేసింది, తర్వాత బాంగిల్స్‌కు చేరింది. "నథింగ్ కంపేర్స్ టు యు"ను ఆయన 1984లోనే పాడి పెట్టారు, ఆ స్టూడియో రికార్డింగ్‌ను లోకం విన్నది 2018లో. ఇలాంటివే కొన్ని 2019లో "ఒరిజినల్స్" పేరుతో వచ్చాయి. ఖజానాలో ఉన్నవాటిలో ఈ రకం గణనీయంగా ఉంది.

మరి చనిపోయాక ఇంత ఆలస్యం ఎందుకు? ఆయన వీలునామా రాయలేదు. కోర్టు నియమించిన సంస్థ చేతికి ఆస్తి వెళ్ళింది. ఖజానా తలుపు సంకేతం ఎవరికీ తెలియక డ్రిల్లుతో తెరవవలసి వచ్చిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. 2017లో టేపులను లాస్ ఏంజెలెస్‌లోని భద్రమైన గిడ్డంగికి తరలించారు, దాని మీద వారసుల మధ్య విభేదాలు వచ్చాయి. సుమారు 15.6 కోట్ల డాలర్లుగా లెక్కగట్టిన ఆస్తి 2022లో గానీ రెండు పక్షాల మధ్య పంపకం కాలేదు. ఇంత గందరగోళంలోనూ 1983 నాటి ఒక పియానో క్యాసెట్, "1999", "సైన్ ఓ ద టైమ్స్", "డైమండ్స్ అండ్ పెర్ల్స్" ఆల్బమ్‌లకు అదనపు పాటలు చేర్చిన పెద్ద పెట్టెలు, 2010లో రికార్డు చేసి పక్కన పెట్టిన "వెల్‌కమ్ టు అమెరికా" వచ్చాయి.

న్యాయ వ్యవహారాల కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది టేపుల ఆరోగ్యం. 1970ల మధ్య నుంచి 1980ల దాకా తయారైన చాలా టేపుల్లో అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చుకుని కరుగుతుంది. ప్రిన్స్ అత్యధికంగా పనిచేసిన కాలం కూడా అదే. అలాంటి రీలును నేరుగా యంత్రం మీద పెడితే మొదట కీచుమంటుంది, తర్వాత టేపును చదివే హెడ్ మీద గోధుమరంగు బంక పేరుకుంటుంది. ఆ బంకే సంగీతం. మీ కళ్ళ ముందే ఒలిచి పోతుంటుంది. నా రెండో ఏట ఒక రీలును ఇలా తొందరపడి ఎక్కించి ఇరవై సెకన్ల పాటను పోగొట్టాను. ఆ ఖాళీ ఇప్పటికీ ఆ రికార్డింగ్‌లో ఉంది. అప్పటి నుంచి అనుమానం ఉన్న ఏ రీలునైనా ముందు సుమారు 54 డిగ్రీల స్థిరమైన వేడిలో గంటల తరబడి ఉంచుతాను. వెడల్పు టేపుకు ఇంకా ఎక్కువ సమయం. అంతే సేపు చల్లారనిస్తాను. తర్వాత కొన్ని వారాల పాటు అది మామూలుగా నడుస్తుంది, ఆలోగా నకలు తీసుకోవాలి. 1990ల డిజిటల్ టేపులైతే నాకు ఇంకా భయం. పాత టేపు పాడైతే ధ్వని మసకబారుతుంది, అయినా ఏదో వినిపిస్తుంది. డిజిటల్ టేపు ఒక స్థాయి దాటి పాడైతే ఏమీ వినిపించదు. ఆ దశాబ్దపు టేపులను ముందుగా మార్చాలని నేనైతే పట్టుబడతాను.

మీరు అడగని ప్రశ్న ఒకటి ఉంది, అడగకపోయినా చెప్పాలి. ఆయన వద్దనుకున్నవి మనం వినవచ్చా? కొన్నేళ్ళ క్రితం ఒక సంగీతకారుడి కుటుంబం ఆయన పోయాక 31 రీళ్ళు నా దగ్గరికి తెచ్చింది. పదిహేడో రీలులో ఒక పాట పూర్తయింది, చాలా బాగుంది. చివరి స్వరం ఆగాక కుర్చీ కదిలిన చప్పుడు, తర్వాత ఆయన గొంతు: "ఇది వద్దు, చెరిపేయండి." ఇంజనీరు చెరపలేదు. ఆయన కూతురు నా పక్కనే కూర్చుని వింటోంది. ఏం చేయమంటారు అని అడిగింది. నకలు తీసి భద్రంగా ఉంచమన్నాను, బయట పెట్టవద్దన్నాను. ఆమె ఒప్పుకుంది. ఆ పాట ఈ రోజుకీ ఆ ఇంట్లోనే ఉంది. ప్రిన్స్ విషయంలో నా కొలత ఇదే. సమయం చాలక, ఒప్పందం కుదరక, బృందం విడిపోయి ఆగినవాటిని వినిపించడంలో నాకు తప్పు కనిపించదు. ఆయనే 1998లో "క్రిస్టల్ బాల్" పేరుతో పాత పాటల పెట్టె అమ్మారు కదా. స్పష్టంగా వద్దన్నవాటి దగ్గర మాత్రం ఆగాలి. ఆ గీత ఎక్కడుందో ప్రతిసారీ సులభంగా తెలియదు, అది నిజం.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, 2020లో వచ్చిన "సైన్ ఓ ద టైమ్స్" పెద్ద పెట్టె. అందులో "ఐ కుడ్ నెవర్ టేక్ ద ప్లేస్ ఆఫ్ యువర్ మ్యాన్" 1979 రూపం ఉంది. దాన్ని విని వెంటనే 1987 ఆల్బమ్‌లోని రూపం వినండి. ఎనిమిదేళ్ళ పాటు ఒక పాట ఖజానాలో నిద్రపోయి ఎలా లేచిందో మీకే తెలుస్తుంది. "స్ట్రేంజ్ రిలేషన్‌షిప్" తొలి రూపం కూడా అక్కడే ఉంది. మైల్స్ డేవిస్ ట్రంపెట్‌తో "కెన్ ఐ ప్లే విత్ యు" కూడా.

అదే పెట్టెలో "వాలీ" అనే పాట ఉంది. అన్నీ వినలేం అని మొదట్లో అన్నది దీని వల్లే. 1986 డిసెంబరులో, ప్రేమించిన మనిషి దూరమైన రోజుల్లో, ఆయన దాన్ని రికార్డు చేశారు. మొదట్లో ఉన్నంత సూటి దుఃఖం ఆయన పాటల్లో ఇంకెక్కడా వినలేదని సూసన్ రోజర్స్ చెబుతారు. ఆయన దాని మీద వాయిద్యాలు చేరుస్తూ పోయారు, పాట బరువెక్కింది. చివరికి 24 ట్రాకులనూ రికార్డింగులో పెట్టి మొత్తం చెరిపేయమన్నారు. ఆమె వద్దని బతిమాలారు. ఆయన వినలేదు, చెరిపేశారు. తర్వాత అదే పాటను మళ్ళీ చేశారు, మనకు దొరికింది ఆ రెండోది. మొదటిది విన్నది ఆ గదిలో ఉన్న ఇద్దరే.